రోగం వచ్చాక కూడా ‘నిరోధక’ శక్తేనా?

సందేహం: అయ్యా, నేను కావలిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. పాఠ్యపుస్తకంలో ‘అసంక్రామ్యత’ అని ఉంది. పేపర్లలో ‘రోగనిరోధక శక్తి’ అంటారు. బయట అందరూ ‘ఇమ్యూనిటీ పవర్’ అనేస్తున్నారు. మొన్న ఒక పిల్లవాడు లేచి, "నిరోధించడమంటే రానీయకపోవడమే కదా సార్, మరి టీకా వేయించుకున్నా మా నాయనకు కరోనా ఎందుకొచ్చింది?" అన్నాడు. ఈ మూడింట్లో ఏది వాడాలి? యాంటీబాడీని ‘ప్రతిదేహం’ అనవచ్చా?

సమాధానం: ఊరి పేరులోనే కాపలా ఉన్నచోటి నుంచి రావలసిన సందేహమే వచ్చింది. పిల్లవాడి ప్రశ్నతోనే మొదలుపెడతాను, అసలు చిక్కు అక్కడే ఉంది. నిరోధానికి ‘అసలు రానీయకపోవడం’ అన్న అర్థం మనం తర్వాత తగిలించుకున్నది. ‘రుధ్’ ధాతువుకు అడ్డగించడం, చుట్టుముట్టి కదలనీయకపోవడం అని అర్థం. అవరోధం, విరోధం కూడా అందులోంచి వచ్చినవే. అడ్డగించాలంటే ముందు ఎదుటివాడు వచ్చి ఉండాలి గదా!

ఒంట్లో జరిగేది చూస్తే ఈ మాట ఎంతగా అతుకుతుందో తెలుస్తుంది. మన వైపు మడమలో సర్కారు తుమ్మ ముల్లు దిగనివాళ్ళు తక్కువ. చర్మం మొదటి అడ్డు. ముల్లు దాన్ని చీల్చుకుని పోయింది, వెంట బ్యాక్టీరియానూ తీసుకుపోయింది. కొన్ని గంటల్లో అక్కడి సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి. నెత్తురు ఎక్కువగా చేరి ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. నాళాల్లోంచి నీరు ఊరి వాస్తుంది, సలుపు మొదలవుతుంది. తెల్లరక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి ముందుగా చేరుకుని బ్యాక్టీరియాను మింగి, తామూ చస్తాయి. చచ్చిన కణాలు, చచ్చిన బ్యాక్టీరియా, కరిగిన కండ కలిసిందే చీము. దీన్నంతటినీ ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అంటారు, అందులో మంట ఉంది. మన సెగ్గడ్డలో సెగ ఉంది. పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపండి, బట్టీ పట్టే బాధ తప్పుతుంది.

రెండు మూడు రోజులకు ‘గజ్జల్లో బిళ్ళ కట్టింది’ అంటాం. ముల్లు దిగింది మడమలో, బిళ్ళ గజ్జల్లో ఎందుకు? కాలి నుంచి వచ్చే శోషరసం (కణాల మధ్య ఊరి, సన్న నాళాల్లో పారే నీరు, ఇంగ్లీషులో లింఫ్) గజ్జల్లోని గ్రంథుల గుండానే పైకి పోవాలి. వచ్చిన క్రిమి ఆనవాలు అక్కడ లింఫోసైట్లు అనే మరో రకం తెల్లరక్తకణాలకు అందుతుంది. దానికి సరిపోయినవి పిలకలు వేసినట్టు పెరుగుతాయి, గ్రంథి ఉబ్బుతుంది. అప్పటివరకూ ఎరగని క్రిమి అయితే దాన్ని పట్టుకునే ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు, తగినన్ని తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. తర్వాత కొన్ని జ్ఞాపకకణాలు మిగిలిపోతాయి, అదే క్రిమి మళ్ళీ వస్తే పని కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. టీకా చేసేది, జబ్బు పడకుండానే ఆ జ్ఞాపకాన్ని కలిగించడం. మీ విద్యార్థి నాయనగారి ముక్కులోకి వైరస్ రానే వచ్చింది. అది ముదిరి ప్రాణం మీదికి తేకుండా చూడటమే ఆ టీకాల ముఖ్యమైన పని. అది నిరోధమే, మాటలో తప్పు లేదు.

నిజానికి తేడా ఉన్నది ఇంగ్లీషు మాటలో. ఇమ్యూనిటీకి మూలం లాటిన్ ‘ఇమ్యూనిస్’. పన్ను గానీ, ఊరి ఊడిగం గానీ చెల్లించనక్కరలేనివాడు అని అర్థం. మన శాసనాల భాషలో సర్వమాన్యం. (నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేయించారు, మాన్యాల సంగతుల మీద ఆసక్తి ఉంటే తిరగేయండి.) తట్టు ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ పోయదు కాబట్టి పాతకాలంవాళ్ళకు అది మాఫీలాగే కనిపించింది. కానీ మన ఒంటికి మాఫీ ఎవరూ ఇవ్వలేదు. వసూలుకు వచ్చినవాణ్ణి అది ప్రతిసారీ తరుముతూనే ఉంది.

‘అసంక్రామ్యత’ వ్యాకరణానికి కుదిరిన మాటే, వాడుకకు కుదరదు. సంక్రమించకపోవడం ఒకటే చెబుతుంది, పోరాటం చెప్పదు. పైగా బీపీ, షుగర్లను ‘అసంక్రామిక వ్యాధులు’ అంటున్నారు. వినేవాడికి రెండూ కలగాపులగమవుతాయి. పరీక్షలో మార్కులు పోకుండా ఆ మాట నేర్పండి, వివరించేటప్పుడు మాత్రం ‘రోగనిరోధకత’ అనండి. ‘వ్యాధినిరోధక శక్తి’ అన్నా ఒకటే.

ఇక ‘ఇమ్యూనిటీ పవర్’. 2021 మేలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం జనం బారులు తీరినప్పుడు మన జిల్లాలో ఈ మాట వినపడని ఇల్లు లేదు. ‘నిరోధక శక్తి’లో శక్తి ఉంది కాబట్టి, ముందు మాట ఇంగ్లీషులోకి మారినా ఆ తోక పవర్‌గా అంటుకునే ఉండిపోయింది. ‘నడిసెంటర్’ లాంటిదే. నోటిమాటగా ఎవరన్నా నాకు అభ్యంతరం లేదు, రాతలో పవర్ తీసేయండి.

ప్రతిదేహం వద్దు. 1891లో పాల్ ఎర్లిష్ జర్మన్‌లో వాడిన ‘ఆంటీకోర్పర్’ ఇంగ్లీషులో యాంటీబాడీ అయింది. అక్కడ బాడీ అంటే పదార్థమే, చేతులూ కాళ్ళూ ఉన్న దేహం కాదు. అవి వై ఆకారపు ప్రొటీన్లు. ‘ప్రతిరక్షకం’ బాగుంది. యాంటీబాడీ అన్నా చాలు, కాకపోతే యాంటీబయాటిక్‌తో కలిపేయకుండా చూడండి. ఒకటి ఒంట్లో తయారయ్యేది, రెండోది బ్యాక్టీరియా మీద వాడే మందు. వైరస్‌ల మీద అది పనిచేయదు.

మీరు అడగలేదు గానీ ఇంకో ఇబ్బంది చెప్పాలి. ఈమధ్య ‘యాంటీబయాటిక్ నిరోధకత పెరుగుతోంది’ అని శీర్షికలు పెడుతున్నారు. చదివినవాడు తన నిరోధకతే పెరిగిందని సంతోషించే ప్రమాదం ఉంది. ఇక్కడ అడ్డుకుంటున్నది బ్యాక్టీరియా, దెబ్బతింటున్నది మనం. ఈ విషయంలో రైతులు నయం. నెల్లూరు మసూరి అగ్గితెగులును ‘తట్టుకుంటుంది’ అంటారు, ఎవరు దేన్ని తట్టుకుంటున్నారో వెంటనే తెలిసిపోతుంది. శీర్షిక రాసేవాళ్ళు ‘మందులకు లొంగని బ్యాక్టీరియా’ అంటే ఎవరికీ తికమక ఉండదు.