పోలార్‌లో గుణిస్తే జవాబు గుర్తు ఎందుకు తిరగబడుతోంది?

మీరడిగింది ఇదీ: సంకీర్ణ సంఖ్యల్లో (−3 + 4ఐ) ని (1 + ఐ)తో మామూలుగా గుణిస్తే −7 + ఐ, పోలార్‌లోకి (అంటే సున్నా నుంచి దూరం, కోణం రూపంలోకి) మార్చి గుణిస్తే 7 − ఐ వచ్చాయి. ఏది సరైనది?

−7 + ఐ. బ్రాకెట్లు విప్పితే −3 − 3ఐ + 4ఐ + 4ఐ². ఐ² అంటే −1 కాబట్టి చివరి పదం −4. తొందరలో దాన్ని +4గా వేసి 1 + ఐ రాసేసేవాళ్లకు కొదవ లేదు, మీరు ఆ గోతిలో పడలేదు.

పోలార్‌లో మీరు చేసిన గుణకారం కూడా సరైనదే. తప్పు అంతకు ముందే, మార్చేటప్పుడు దొర్లింది. మాపం (సున్నా నుంచి దూరం) √(9+16) = 5, బాగుంది. ఆయామం (కోణం) కోసం టాన్ ఇన్వర్స్ (4/−3) నొక్కి ఉంటారు, కాలిక్యులేటర్ −53.13° చూపించి ఉంటుంది. టాన్ ఇన్వర్స్ ఎప్పుడూ −90°కీ 90°కీ మధ్యే జవాబిస్తుంది. మైనస్ పైన ఉందో కింద ఉందో దానికి పట్టదు. 3 − 4ఐ ఇచ్చినా అదే −53.13°. మీ సంఖ్యకు వాస్తవ భాగం ఋణం, కల్పిత భాగం ధనం, అంటే రెండో పాదం (గ్రాఫులో ఎడమ పై భాగం). 180° కలిపితే 126.87°. 1 + ఐ మాపం √2 = 1.4142, కోణం 45°. ఇప్పుడు 5 × 1.4142 = 7.071, 126.87° + 45° = 171.87°. వెనక్కి మార్చండి, −7 + ఐ వస్తుంది.

మాపంతో సరిచూసుకున్నా ఈ తప్పు దొరకదు. మాపాల వర్గాలు గుణిస్తే 25 × 2 = 50; మీ రెండు జవాబులకూ 49 + 1 = 50 వస్తుంది. (రెండు వర్గాల మొత్తాల లబ్ధం మళ్లీ రెండు వర్గాల మొత్తమే అవుతుందనే ఈ సమీకరణానికి బ్రహ్మగుప్తుడి పేరే ఉంది.) కోణంలో 180° తేడా పడితే −1తో గుణించినట్టే, అందుకే గుర్తులు రెండూ తిరగబడ్డాయి. కోణం రాసే ముందు కాగితం మీద ఒక చుక్క పెట్టి ఏ పాదమో చూడండి. మూడో పాదమైతే (రెండు భాగాలూ ఋణమైతే) టాన్ ఇన్వర్స్ విలువలోంచి 180° తీసేస్తే ప్రధాన ఆయామం, అంటే −180°కీ 180°కీ మధ్య ఉండే కోణం వస్తుంది. "ఆయామం అంటే టాన్ ఇన్వర్స్ బీ బై ఏ" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేసే గైడ్లదే ఈ పాపమంతా.

"పోలార్ సులువు" అనే మాట కూడా సగమే నిజం. సంఖ్యలు ముందే మాపం, కోణంగా ఇస్తే ఒక గుణకారం, ఒక కూడిక, అంతే. ఏ + ఐబీ రూపంలో ఇచ్చి జవాబూ అలాగే అడిగితే, రెండు వర్గమూలాలు, రెండు టాన్ ఇన్వర్స్‌లు, మళ్లీ కాస్, సైన్. నాలుగు చిన్న గుణకారాలు తప్పించుకోవడానికి ఇన్ని తిప్పలు ఎందుకు? ఘాతాల దగ్గర మాత్రం పోలార్‌కు తిరుగులేదు: (√3 + ఐ)⁷ అంటే 2⁷∠210° (మాపం 2⁷, కోణం 210°), అంటే −64√3 − 64ఐ. కానీ (1 + ఐ)¹⁰ని కూడా డిమూవర్ సూత్రంతోనే (మాపానికి ఘాతం వేసి, కోణాన్ని ఆ ఘాతంతో గుణించేది) చేయిస్తారు చూడండి, అది అనవసరం. (1 + ఐ)² = 2ఐ, దాని అయిదో ఘాతం 32ఐ, రెండు లైన్లు.

కాసియో 991ఈఎస్ ఉంటే షిఫ్ట్, ప్లస్ నొక్కితే వచ్చే పోల్‌లో −3, 4 ఇవ్వండి, 126.87 నేరుగా చూపిస్తుంది. డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి.

రేపు ఈఈఈలో (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో) చేరితే పోలార్‌లోనే ఇంకో తప్పు ఎదురవుతుంది. వోల్టేజి 230∠20°, కరెంటు 10∠−10° అనుకోండి. ఉన్నవి ఉన్నట్టు గుణిస్తే 2300∠10°, వాస్తవ భాగం 2265 వాట్లు. పవర్‌కి కరెంటు సంయుగ్మంతో, అంటే కోణం గుర్తు మార్చి గుణించాలి: 2300∠30°, 1992 వాట్లు. మీటరు చూపించేది ఈ రెండోదే.