అడవిలో నడిచేటప్పుడు పెద్ద రివాల్వర్‌ను ఎక్కడ కట్టుకోవాలి?

కావలి నుంచి వెళ్లి అలాస్కాలో స్థిరపడిన ఒకరు, ఎలుగుబంట్ల భయంతో వెంట ఉంచుకునే .44 మాగ్నమ్ రివాల్వర్ నడుముకు ఒరుసుకుంటున్నదని, దానిని ఎలా ధరించాలని అడిగారు.

తూటాలు నింపిన ఆ రివాల్వర్ దాదాపు కిలోన్నర తూగుతుంది కనుక మామూలు బెల్టు ఒక పక్కకు జారిపోతుంది. పైగా బ్యాక్‌ప్యాక్ నడుము పట్టీ సరిగ్గా దాని మీదే బిగుసుకోవడంతో, గంట నడిచేసరికి తుంటి దగ్గర చర్మం కందిపోతుంది. ఛాతీ మీద ఏటవాలుగా నిలిచే హోల్‌స్టర్ (తుపాకీని ఉంచే ఒర) నా దృష్టిలో మేలైనది: బరువును భుజమూ వీపూ పంచుకుంటాయి, మోకాలి లోతు వాగు దాటినా తడవదు, పిడి చేతికందేచోట ఉంటుంది. చలికోటు తొడుక్కున్నాకే పట్టీలు సరిచేసుకోవాలి. చొక్కా మీద కొలిచిన పట్టీ కోటు మీద ఊపిరాడనివ్వదు. ట్రిగ్గర్‌ను హోల్‌స్టర్ పూర్తిగా కప్పి ఉంచాలి.

సెలవులకు వచ్చినప్పుడు నెల్లూరు జిల్లా వెలిగొండ కొండల్లో మాత్రం ఈ ఏర్పాటు కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మన పెనుశిల నరసింహ అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టాలంటే, లైసెన్సు ఉన్నా సరే, అటవీశాఖ ఉన్నతాధికారి నుంచి ముందుగా లిఖితపూర్వక అనుమతి పొందాలి.