గద్దె దిగిన ప్రధానిని శిక్షించాలని మన దేశంలో ఎప్పుడైనా గట్టిగా ప్రయత్నించారా? ఎందుకు కుదరలేదు?

ప్రయత్నించారండీ, రెండేళ్లకు పైగా అదే పనిగా ప్రయత్నించారు. 1977లో ఓడిపోయిన ఇందిరా గాంధీ మీద జనతా ప్రభుత్వం చేసిన ప్రయత్నం గురించి చెబుతున్నాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, మాది సంగారెడ్డి దగ్గర పల్లె. నేనేమీ ఢిల్లీలో ఉండి చూసినవాణ్ని కాను, రేడియో వార్తలు, ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరు, వాటిమీద మా పెదనాన్న చెప్పే వ్యాఖ్యానం, ఇంతే నా ఆధారం. మిగతాది తర్వాత చదివి తెలుసుకున్నది.

పీవీ గారి సంగతి కూడా అడుగుతారేమో. తన ప్రభుత్వాన్ని నిలుపుకోవడానికి జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీలకు ముడుపులిచ్చారన్న కేసులో 2000లో ఆయనకు ప్రత్యేక కోర్టు మూడేళ్ల జైలు వేసింది, ఒక మాజీ ప్రధానికి కోర్టు శిక్ష వేయడం అదే మొదటిసారి, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అది ఎంతైనా కింది కోర్టు, పై కోర్టు అంటూ ఒక వరుసలో నడిచిన కేసు. ఇందిర విషయంలో అలా జరగలేదు, అందుకే పీవీ కేసును పక్కన పెడుతున్నాను.

మా పెదనాన్న వకీలు గుమాస్తా. సోషలిస్టు నాయకుడు లోహియా మనిషి. ఇందిర 1975లో పెట్టిన ఎమర్జెన్సీలో పద్నాలుగు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. ఎందుకు పట్టుకెళ్లారో చివరిదాకా ఎవరూ కాగితం మీద పెట్టి చెప్పలేదు. ఆ పద్నాలుగు నెలలు మా పెద్దమ్మ రెండు బర్రెలతో ఇల్లు నెట్టుకొచ్చింది. ఎమర్జెన్సీ మీద తర్వాత విచారణ జరిపిన షా కమిషన్ లెక్క ప్రకారం అప్పుడు నిర్బంధంలోకి తీసుకున్నవాళ్లు మొత్తం 1,10,806 మంది, అందులో ఈయనొకడు. కాబట్టి ఇందిరమ్మకు శిక్ష పడాలని మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ కోరుకున్నది ఆయనే. ఊళ్లో మాత్రం వేరే గాలి. 1977లో ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే మన ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41 సీట్లు కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

జనతా వాళ్లు మొదట చేసిన పని బాగానే చేశారు. 1977 మే నెలలో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జె.సి. షాతో కమిషన్ వేశారు. ఢిల్లీ పాటియాలా హౌస్‌లో బహిరంగ విచారణలు, సాక్షులు, ఫైళ్లు. పెద్ద పెద్ద ఆఫీసర్లు వచ్చి 'పైనుంచి ఫోన్ వచ్చింది, చేశాం' అన్నట్టు చెబుతుంటే పేపరు చదివి పెదనాన్న తొడ కొట్టేవాడు. ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామంది పట్టించుకోరు. విచారణ కమిషన్‌కు శిక్ష వేసే అధికారం ఉండదు. రిపోర్టు ఇస్తుంది, అంతే. దాన్ని పట్టుకుని ప్రభుత్వం మళ్లీ కేసు పెట్టాలి, చార్జిషీటు వేయాలి, కోర్టులో రుజువు చేయాలి. అంటే టైం పడుతుంది. ఆ టైం వరకు ఆగే ఓపిక హోం మంత్రి చరణ్ సింగ్‌కు లేకపోయింది.

1977 అక్టోబరు 3న సీబీఐ వాళ్లు వచ్చి ఆమెను అరెస్టు చేశారు. ఎమర్జెన్సీలో జరిగిన వాటికి అనుకుంటున్నారా? కాదు. ఎన్నికల ప్రచారానికి జీపులు సమకూర్చుకున్న వ్యవహారం ఒకటి, ఒక ఫ్రెంచి కంపెనీకి దక్కిన చమురు కాంట్రాక్టు ఇంకొకటి. ఆమె బేడీలు వేయమని పట్టుబట్టింది, పేపర్ల వాళ్లు వచ్చేదాకా కదల్లేదు. హర్యానాలోని బడ్‌ఖల్ వైపు తీసుకెళ్తుంటే రైల్వే గేటు దగ్గర కారు ఆగింది, ఆమె దిగి కల్వర్టు మీద కూచుంది, ఢిల్లీ దాటించే అధికారం మీకు ఎక్కడుందని లాయర్లు అడ్డం పడ్డారు, చివరికి వెనక్కి తెచ్చి ఢిల్లీలోనే పోలీసుల దగ్గర ఉంచారు. మర్నాడు మేజిస్ట్రేటు ముందు పెడితే ఆధారాలు లేవని వదిలేశాడు.

ఆ వార్త విన్న రోజు పెదనాన్న అన్నం తినలేదు. నేను ఆమెను వదిలినందుకు బాధేమో అనుకున్నాను. అసలు బాధ అది కాదట. "కేసు కోపం మీద పెట్టరాదురా, కాయితం మీద పెట్టాలె. మా వకీలు సాబ్ దగ్గర పొలం గట్టు తగాదకు గూడ ఇంతకన్న మంచి ఫైలు కడ్తం" అన్నాడు. ముప్పై ఏళ్లు దావా కాగితాలు కుట్టినవాడి కోపం అది.

అప్పటినుంచి కథ తిరగబడింది. మా అమ్మకు షా ఎవరో తెలియదు, జీపుల సంగతి అసలే తెలియదు, 'ఆడమనిషిని పట్టుకపోయిన్రట' అన్నదొక్కటే ఆమెకు చేరింది. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలింది. ఆమెను బయటికి పంపిన కాంగ్రెస్ అధ్యక్షుడు ఎవరో కాదు, మన కాసు బ్రహ్మానందరెడ్డే. నెల తిరిగేసరికి మన అసెంబ్లీ ఎన్నికలు. అప్పటిదాకా అందరికీ తెలిసింది ఆవూదూడ గుర్తు, ఆమె పార్టీది కొత్తగా వచ్చిన చెయ్యి. ఆ కొత్త గుర్తు మీద 294లో 175 సీట్లు కొట్టి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండి కూడా ఆయన కాంగ్రెస్‌కు వచ్చినవి 30. షా కమిషన్ ముందు ప్రమాణం చేసి చెప్పనని ఆమె మొండికేసింది కూడా ఆ జనవరిలోనే. దానిమీద పెట్టిన కేసును 1979 చివర్లో ఢిల్లీ హైకోర్టు నిలవనివ్వలేదు, ఆమె సాక్ష్యం చెప్పి తీరాలన్న నిర్బంధం చట్టంలో లేదంది.

జనతా వాళ్ల రెండో తప్పు, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది, పార్లమెంటునే కోర్టు చేయడం. చిక్‌మగళూరు ఉప ఎన్నికలో గెలిచి ఆమె లోక్‌సభకు వచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. అంతకుముందు ఆమె కొడుకు సంజయ్ కార్ల కంపెనీ మారుతి మీద పార్లమెంటులో ఒక ప్రశ్న వస్తే, సమాధానం కోసం వివరాలు సేకరించిన ఆఫీసర్లను ఆమె ప్రధానిగా ఉండగా వేధించారని సభా హక్కుల ఉల్లంఘన తెచ్చారు. ఆ ఆఫీసర్లను వేధించింది అబద్ధం కాదు. కానీ తీర్పు చెప్పేది ఎవరు? ఆమె చేతిలో జైలుకెళ్లి వచ్చినవాళ్లు! 1978 డిసెంబరు 19న సభ్యత్వం తీసేసి, సమావేశాలు ముగిసేదాకా జైలన్నారు. తీహార్‌లో వారం రోజులు, అంతే. జైలుకు పంపిన మర్నాడే ఇద్దరు కుర్రాళ్లు బొమ్మ పిస్తోలు, క్రికెట్ బంతి పట్టుకుని ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం దారి మళ్లించి ఆమెను విడుదల చేయమన్నారు. నవ్వొస్తుంది గానీ ఆ ఇద్దరూ తర్వాత కాంగ్రెస్ టికెట్ మీద ఉత్తరప్రదేశ్‌లో ఎమ్మెల్యేలయ్యారు. వారం జైలు ఆమెకు శిక్ష ఎట్లా అవుతుంది, మా ఊళ్లో మంగలి షాపులో కూడా ఫొటో కట్టించి పెట్టారు.

నిజానికి సరైన దారి ఒకటి ఉంది, అది ఆలస్యంగా మొదలైంది. ఎమర్జెన్సీ నేరాలకు ప్రత్యేక కోర్టులు. బిల్లు మీద రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగారు. ఆ రాష్ట్రపతి ఎవరు? నంద్యాల సంజీవరెడ్డి గారే. కొన్ని మార్పులు చేసుకుంటే చెల్లుతుందని 1978 డిసెంబరు 1న కోర్టు చెప్పింది. చట్టమయ్యేసరికి 1979 మే. జూలైలో మొరార్జీ ప్రభుత్వమే పడిపోయింది. మొత్తం చేతిలో ఉన్నది రెండు నెలలు. పైగా ఆమెను అరెస్టు చేయించిన చరణ్ సింగే ఆమె పార్టీ మద్దతుతో ప్రధాని కుర్చీ ఎక్కాడు, ఆ మద్దతు తీసేస్తే నెల తిరక్కుండానే దిగాడు. ఈ ముక్క పేపర్లో చదివాక పెదనాన్న ఇంట్లో రాజకీయం మాట్లాడటం మానేశాడు, నిజంగానే మానేశాడు.

1980 జనవరిలో ఆమె రాయ్‌బరేలీతోపాటు మా మెదక్‌లో నిలబడింది. అప్పట్లో ఓటు హక్కు 21కి, నాకది మొదటి ఓటు. ఎదురుగా జైపాల్ రెడ్డి. ఆయన మాటంటే మాలాంటి కాలేజీ పిల్లలకు పిచ్చి, నేను ఆయనకే వేశాను. అమ్మా నాన్నా చెయ్యికి వేశారు. మెజారిటీ రెండు లక్షలు దాటింది. రెండు చోట్లా గెలిచి ఆమె మెదక్ ఉంచుకుంది, అంటే శిక్షించాలనుకున్న మనిషికి మళ్లీ ప్రధానిగా సీటిచ్చింది మా జిల్లానే. పెదనాన్న ఓటు వేయడానికే రాలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ ఊడిపోయాయి. ఇందిర పాలనను వెక్కిరించిన 'కిస్సా కుర్సీ కా' సినిమా రీళ్లు తగలబెట్టిన కేసులో రెండేళ్ల శిక్ష పడిన సంజయ్ గాంధీని 1980 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వదిలేసింది. 1981 మేలో కొత్త లోక్‌సభ పాత బహిష్కరణ తీర్మానాన్నే రద్దు చేసింది.

జనతా వాళ్లు చేసిన వాటిలో నిలబడింది 44వ రాజ్యాంగ సవరణ. 'అంతర్గత కల్లోలం' అన్న గాలిమాట తీసేసి 'సాయుధ తిరుగుబాటు' అని పెట్టారు, కేబినెట్ రాతపూర్వకంగా చెబితేనే ఎమర్జెన్సీ అన్నారు, అప్పుడు కూడా ప్రాణానికి, స్వేచ్ఛకు ఉన్న హక్కును ఆపడానికి లేదన్నారు. ఆమె పార్టీ తిరిగొచ్చాక 1988లో ఒక్క పంజాబ్ వరకు దాన్ని సడలించారు గానీ, ఆ సడలింపు రెండేళ్లలోపే రద్దయింది. ఎవరినీ జైల్లో పెట్టని పని కాబట్టి అప్పుడు మా ఊళ్లో దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

మీకు ఆసక్తి ఉంటే షా కమిషన్ రిపోర్టు మూడు భాగాలూ చదవండి. చాలా ఏళ్లు అది దొరికేదే కాదు, తమిళనాడు మాజీ ఎంపీ ఎరా సెళియన్ పూనుకుని 2010లో మళ్లీ అచ్చు వేయించారు. ఢిల్లీలో ఇళ్ల కూల్చివేతలప్పుడు జరిగిన తుర్క్‌మాన్ గేట్ కాల్పులు రెండో భాగంలో ఉంటాయి. జైళ్ల పరిస్థితి మూడో భాగంలో. నేను ముందు అదే తెరిచాను, పెదనాన్న చెబితే సగం నమ్మి సగం నమ్మని సంగతులు చాలావరకు అందులో ఉన్నాయి, ఒక గదిలో ఎంతమందిని కుక్కారన్నది సహా.