తుఫాను గాలికి ఊళ్ళో పడ్డ సముద్రపక్షుల గురించి సుజాతకి

చి. సుజాతకి, పెద్దనాన్న ఆశీస్సులు.

ఈసారి చెన్నైలో తుఫాను వస్తే, ఊళ్ళో పడిపోయే సముద్రపక్షుల్ని కాపాడ్డానికి స్నేహితులతో కలిసి తిరుగుతానన్నావట. మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. వినగానే గర్వంగా అనిపించింది, ఆ వెనకే గుబులు పట్టుకుంది. రాత్రంతా ఆ గుబులు తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు నీ సంగతి. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు నువ్వు స్కూలుపిల్లవి, కిటికీ దగ్గర్నుంచి కదలనన్నావు. తుఫాను కన్ను మన మీదుగా పోయేటప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అయిపోయిందనుకుని జనం రోడ్డెక్కుతారు. కాసేపటికి అదే గాలి ఎదురు దిక్కునుంచి విరుచుకుపడుతుంది. వాతావరణ శాఖ తుఫాను దాటిపోయిందని చెప్పేదాకా గడప దాటకు. ఆ తర్వాత కూడా నిలవనీళ్ళలో కాలు పెట్టొద్దు, అడుగున తెగిన కరెంటు తీగ ఉన్నా కనబడదు. పల్లికరణై చిత్తడిలోకి ఒంటరిగా అసలు వెళ్ళకు.

ఇక పక్షులు. వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉండి రెండొందల గ్రాములు తూగేది సూటీ టెర్న్. సముద్రం మీద బతుకుతుందన్నమాటే గానీ నీళ్ళ మీద పెద్దగా వాలదు, ఈకలు నానిపోతాయి. షియర్‌వాటర్‌కి కాళ్ళు బాగా వెనక్కి ఉంటాయి, నేల మీద పొట్టతో పాకుతుంది. ఫ్రిగేట్ పక్షి రెక్కలు చాపితే రెండు మీటర్లకు పైనే, కాళ్ళు మాత్రం పొట్టివి. ఈ రెండూ చదును నేల మీంచి ఎగరలేక తంటాలు పడుతుంటే, చూసినవాళ్ళు రెక్క విరిగిందనుకుంటారు. రెక్కలు రెండూ ఒకే ఎత్తులో ముడుచుకుని ఉన్నాయా, ఒకటి వేలాడుతోందా చూడు. అంతేగానీ లాగి చూడొద్దు.

పట్టుకునేటప్పుడు వెనకనుంచి తువ్వాలు కప్పు. తల చీకటైతే సగం పోరాటం ఆగిపోతుంది. రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టుకో, రొమ్ము మాత్రం నొక్కొద్దు. పక్షి ఊపిరి పీలిస్తే రొమ్ము ఎముక ముందుకు కదలాలి, అది కదలకపోతే నీ చేతుల్లోనే ఊపిరాగిపోతుంది. బూబీ అనే పెద్ద సముద్రపక్షి దొరికితే ముందు కళ్ళద్దాలు పెట్టుకో, ఆ తర్వాతే దగ్గరికి వెళ్ళు. దాని ముక్కు బాకులా ఉంటుంది, అంచుల్లో రంపంపళ్ళు, సూటిగా కంటికే గురిపెడుతుంది. నీ కళ్ళ గురించే నాకు భయం. తలని వెనకనుంచి ఒక చేత్తో పట్టి, నీ మొహానికి చెయ్యంత దూరంలో ఉంచు. భయపడి దాని ముక్కుకి రబ్బరు బ్యాండు మాత్రం వెయ్యొద్దు. బూబీకి పైకి ముక్కురంధ్రాలు ఉండవు, నోటి మూలల్లోంచే గాలి పీలుస్తుంది. నోరు కట్టేస్తే చంపినట్టే.

ఇప్పుడు అసలు విషయం. ఏళ్ళ తరబడి మనవాళ్ళు చేస్తున్న తప్పు ఒకటుంది, అది జాలితోనే చేస్తారు. పక్షి కనబడగానే తల పైకెత్తి, ముక్కు తెరిచి, సీసాతోనో సిరంజితోనో నీళ్ళు పోస్తారు. ఎప్పుడైనా పక్షి నోట్లోకి చూశావా? నాలుక మొదట్లో సన్నని చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అదే గాలి గొట్టం వాకిలి. మనకున్నట్టు దానికి పైన మూత లేదు. తల వెనక్కి వంచి పోసిన నీళ్ళు తిన్నగా ఆ చీలికలోకి దిగుతాయి. మనలా గట్టిగా దగ్గి బయటికి నెట్టనూ లేదు. పోసినప్పుడు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఒక్కోసారి తల కూడా విదిలిస్తుంది. దాహం తీరిందని సంబరపడతారు. కొన్ని గంటలకో మర్నాటికో ఊపిరితిత్తుల్లో నీళ్ళు నిండి చచ్చిపోతుంది. పాపం, తుఫాను దెబ్బకి పోయిందనుకుంటారు.

తిండీ అంతే. రోజుల తరబడి ఆకలితో ఉన్న పక్షి రొమ్ము మీద వేలు పెడితే మధ్య ఎముక కత్తి అంచులా తగులుతుంది. అది చూసి నీకు చేప పెట్టాలనిపిస్తుంది, నీ మనసు నాకు తెలుసు. కానీ ఒళ్ళు చల్లబడి, నీరు ఇంకిపోయిన పక్షికి కడుపు పనిచెయ్యదు. ముందు వెచ్చదనం, తర్వాత నీరు, ఆ తర్వాతే తిండి. మొదటిది నీ పని, మిగతా రెండూ డాక్టరు పని. ఆయన సన్నని గొట్టం ఆ చీలికని దాటించి కడుపులోకి దించుతాడు, ఎంత పోయాలో బరువు తూచి లెక్కగడతాడు. అన్నం, రొట్టె, పాలు దగ్గరికే రానీయకు. సముద్రపక్షి కదా అని నీళ్ళ తొట్టిలో వదలొద్దు, తడిసిన ఈకలతో మునిగిపోతుంది.

నువ్వు చెయ్యాల్సిందల్లా అట్టపెట్టె. పక్షి నిలబడి తిరగగలిగేంత ఉండాలి, పక్కల పెన్సిలు లావు రంధ్రాలు పదో పన్నెండో, అడుగున పాత నూలు పంచె రెండు మూడు మడతలు. కుచ్చుల తువ్వాలు వేస్తే గోళ్ళు చిక్కుకుంటాయి. గట్టి నేల మీద కూర్చుంటే రొమ్ము ఎముక దగ్గర చర్మం పుండు పడుతుంది, నీళ్ళ మీదో గాల్లోనో బతికే ఒళ్ళు అది. కరెంటు ఉండదు కాబట్టి సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, పెట్టెలో ఒక పక్కనే పెట్టు. వేడెక్కువైతే అది రెండో పక్కకి జరగగలగాలి. నోరు తెరిచి ఎగరోజుతుంటే సీసా తీసెయ్. ఈకలకి చేతి నూనె అంటనీకు. మూత తీసి ఫోటోలు, సెల్ఫీలు వద్దు. మూత తీసిన ప్రతిసారీ అది భయంతో కొట్టుకుని, ఉన్న కాస్త ఓపికా పోగొట్టుకుంటుంది.

చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. పక్షి జ్వరాల (బర్డ్ ఫ్లూ) కాలం, మేడ మీద కోళ్ళ దగ్గరికి ఆ పెట్టె పోకూడదు. కాలికి పరిశోధకులు గుర్తుగా వేసిన రింగు ఉంటే తియ్యకు, నంబరు రాసుకో. దొరికిన చోటు, టైము పెట్టె మీదే రాయి. అదేరోజు అటవీ శాఖకి అప్పగించు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోవడం నేరం. గిండీలో వేళచ్చేరి రోడ్డు మీద జంతువుల్ని కాపాడే బ్లూ క్రాస్ సంస్థ ఉంది, నంబర్లు ఇప్పుడే ఫోన్‌లో వేసుకో.

వదిలే రోజు డాక్టరు చెబుతాడు. అప్పుడు బెసెంట్ నగర్ ఒడ్డున గాల్లోకి విసరొద్దు. కాకులూ కుక్కలూ లేని చోటు చూసి, గాలికి ఎదురుగా పెట్టె పక్కకి వాల్చి, నువ్వు వెనక్కి జరుగు. పావుగంట కూర్చున్నా తొందరపెట్టకు.

అట్టపెట్టెలు ఆరు, పాత పంచెలు నాలుగు ఇక్కడ విడిగా పెట్టాను. కళ్ళద్దాలు రెండు జతలు కొన్నాను, ఒకటి నీతో తిరిగే ఆ అమ్మాయికి. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు, మీ పెద్దమ్మ సున్నుండలు చేస్తానంటోంది.

నీ పెద్దనాన్న