మగ్గం పనికి ధర చెప్పలేని అమ్మాయి: ఒక తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయికి 23 ఏళ్లు. డిగ్రీ అయ్యాక శ్రీకాకుళంలో టైలరింగు, మగ్గం వర్కు నేర్చుకుని రెండేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతోంది. పని చాలా నీటుగా ఉంటుందని అందరూ అంటారు. పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి కూడా వెతుక్కుని వస్తారు. చుట్టాలకు, వీధిలో వాళ్లకు చెప్పి ఆర్డర్లు నేనే తెస్తుంటాను. వీపుకు, చేతులకు వర్కు ఉన్న పెళ్లి జాకెట్టు ఒకటి పూర్తి చేయడానికి మూడు రోజులు పడుతుంది. సామగ్రికి 350 రూపాయలు అవుతుంది. తను తీసుకునేది 1,200. అలాంటిదే శ్రీకాకుళంలో ఒక షాపులో 3,000 అడిగారు. రేటు పెంచమంటే, డబ్బు అడగడానికి నోరు రావడం లేదంటుంది. మా ఆయనేమో ఇదంతా మానేసి బ్యాంకు పరీక్షలకు చదువుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పని మానాలా, కొనసాగించాలా అన్న ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పడం తొందరపాటు అవుతుంది. ఎందుకంటే మీ అమ్మాయి పని మీకు ఎంత ఆదాయం తెస్తుందో మీ ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ఇప్పుడు వస్తున్నది ఆ పని విలువ కాదు కాబట్టి, దాన్ని చూసి ఆ వృత్తి గిట్టదని తేల్చడం న్యాయం కాదు. అందుచేత ముందు లెక్క చూద్దాం.

మీరు మూడు రోజులు అన్నారు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 24 గంటలు అనుకుందాం. నిజానికి వంట మధ్యలో, నీళ్లు పట్టే వేళ మధ్యలో చేసే పని కనుక అది ఉదయం నుంచి రాత్రి దాకా సాగుతుందని నాకు తెలుసు. అందులో సూది పట్టిన గంటలు మాత్రమే మీ అమ్మాయి లెక్కలో ఉండి ఉంటాయి. కస్టమరు ఫోనులో ఒక్కొక్క బొమ్మా చూపిస్తూ ఈ మెడ, ఆ చెయ్యి అని మనసు మార్చుకుంటుంటే కూర్చుని వినడమూ పనే. ట్రేసింగ్ పేపరు మీద డిజైను గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డతో అద్ది, ఆ గుర్తులు బట్ట మీద సరిగా పడ్డాయో లేదో చూసుకోవడమూ పనే. బట్టను మగ్గానికి బిగించడం, జర్దోసీ తీగను ముక్కలుగా కత్తిరించి పెట్టుకోవడం, చివరికి లైనింగు వేసి కుట్టి, హుక్కులు పెట్టి, ఒకసారి తొడిగి చూపించాక చంకల దగ్గర వదులు చేసి ఇవ్వడం, ఇవన్నీ ఆ 24 గంటల్లోవే. సామగ్రికి 350 రూపాయలు, సూదులకు, కరెంటుకు, మిషను రిపేరుకు మరో 100 తీసేస్తే ఆమెకు మిగిలేది 750. అంటే గంటకు 31 రూపాయలు.

ఇప్పుడు దీని పక్కన ఇంకొక అంకె పెట్టండి. ఒడిశా ప్రభుత్వం 2024లో కనీస వేతనాలను సవరించినప్పుడు నైపుణ్యం ఉన్న కార్మికులకు రోజుకు 550 రూపాయలు నిర్ణయించింది. ఎనిమిది గంటల రోజుకు చూస్తే గంటకు 68 రూపాయల పైచిలుకు. మీ అమ్మాయి ఎవరి దగ్గరా కూలికి లేదు కాబట్టి ఆ ఉత్తర్వు ఆమెకు నేరుగా వర్తించదు గానీ, కొలబద్దగా తప్పకుండా పనికొస్తుంది. ఆ లెక్కన 24 గంటలకు 1,650, దానికి 450 ఖర్చు కలిపితే జాకెట్టుకు 2,100 రూపాయలు అవుతుంది. ఇది లాభం వేసుకున్న ధర కాదు, పనిమంతుడికి దక్కవలసిన కనీసపు కూలి మాత్రమే. శ్రీకాకుళం షాపు 3,000 అడిగిందంటే అందులో అద్దె, యజమాని లాభం కూడా ఉంటాయి, అందులో వింత లేదు.

ఆ షాపుల లోపల పనిచేసే కారీగర్లను మీరు చూసే ఉంటారు. మన ప్రాంతపు పట్టణాల్లో వారిలో చాలామంది బెంగాల్ నుంచి, ఉత్తరాది నుంచి వచ్చిన మగవారు. అదే సూది, అదే పూసలు, అదే కుందన్లు, వారి చేతిలో ఉన్నప్పుడు దానిని అందరూ వృత్తి అంటారు, కూలి ఎంతో ముందే మాట్లాడుకుంటారు. ఆ పనే ఒక ఆడపిల్ల ఇంటి వసారాలో కూర్చుని చేస్తే ఖాళీగా ఉండలేక చేస్తోంది అంటారు. నాకు ఈ మాట చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఖాళీ అనేది మన ఇళ్లలోని స్త్రీలకు ఎప్పుడూ లేదు. 2024లో దేశవ్యాప్తంగా జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానిపై వెచ్చిస్తున్నారు, ఆ పనిలో పాలుపంచుకునే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. చిన్నప్పటి నుంచి ఇంత శ్రమను ధర లేకుండా చేస్తూ, తల్లి చేయడం చూస్తూ పెరిగిన అమ్మాయి, తన చేతి పనికి ఒక రోజు హఠాత్తుగా ధర కట్టవలసి వచ్చినప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక తడబడటం సహజం.

తెలియకపోవడం అన్నాను. ఇది నా ఊహ కాదు. అమెరికాలో బ్రెండా మేజర్, ఆమె సహచరులు 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, చేసిన పనికి మీరే ఎంత తీసుకుంటారో తీసుకోండి అన్నప్పుడు, స్త్రీలు పురుషుల కంటే తక్కువ తీసుకున్నారు. ఒకే మొత్తం చేతిలో పెట్టి దీనికి తగినంత పని చేయండి అన్నప్పుడు, స్త్రీలు ఎక్కువసేపు, ఎక్కువ పని, అదీ తప్పులు తక్కువగా చేశారు. అయితే ఇతరులు ఎంత తీసుకున్నారో ముందే తెలిసినచోట స్త్రీలకూ పురుషులకూ తేడా కనిపించలేదు. మీ ఊరి పరిస్థితికి ఇది అచ్చంగా సరిపోతుంది. పర్లాకిమిడిలో మీ అమ్మాయికి పోల్చుకోవడానికి కనిపిస్తున్నది ఎవరు? మామూలు జాకెట్లు కుట్టే వారు, కంప్యూటర్ వర్కు, అంటే మిషను మీద ఎంబ్రాయిడరీ చేయించి ఇచ్చే వారు. చేత్తో చేసే మగ్గం పనికి అవి పోలిక కావు. సరిహద్దుకు ఆవల శ్రీకాకుళంలోనో, ఇటు బరంపురంలోనో ఉన్న ధర ఆమె చెవికి చేరడం లేదు, లేదా మీరు విన్న 3,000 లాగా, అది షాపు ధర, మనది ఇల్లు కదా అని తోసిపుచ్చడం జరుగుతోంది.

ఇక నోరు రావడం లేదన్న మాట. దీన్ని పిరికితనం అని మందలించకండి. హన్నా రైలీ బౌల్స్, లిండా బాబ్‌కాక్, లెయ్ లై 2007లో ప్రచురించిన పరిశోధనలో, జీతం పెంచమని అడిగిన స్త్రీల పట్ల, అదే మాట అడిగిన పురుషుల పట్ల కంటే ఎక్కువ అయిష్టం వ్యక్తమైంది. అడిగితే ఏమనుకుంటారో అన్న మీ అమ్మాయి భయానికి ఆధారం ఉందన్నమాట. మన చుట్టాల్లో ఎవరో ఒకరు, నిన్నగాక మొన్న నేర్చుకుంది, అప్పుడే డబ్బు మనిషి అయిపోయింది అనకుండా ఉండరు. కాబట్టి ధైర్యం తెచ్చుకో అని చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. అడగవలసిన అవసరమే ఆమెకు తగ్గేలా ఏర్పాటు చేయాలి.

ఇక్కడ మీ గురించి ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. ఆర్డర్లు మీరే తెస్తున్నానన్నారు. తెచ్చేటప్పుడు ధర మాట వస్తే మీరు ఏమంటున్నారు? మన పిల్లే కదా, ఎంతో కొంత ఇవ్వండి అంటున్నారా? నా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది మంచి మనసుతోనే అలా అంటారు. ఆ మాట అన్న క్షణంలోనే పని ధర పోయి, ఇచ్చేవారి దయ మిగులుతుంది. ఆ తర్వాత అమ్మాయి 2,000 అడిగితే మీ మాట కాదన్నట్టే. ఈ పరిస్థితిని తిప్పగలిగేది కూడా మీరే. ఎమిలీ అమనతుల్లా, మైకేల్ మోరిస్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తమ కోసం బేరమాడేటప్పుడు వెనక్కి తగ్గిన స్త్రీలు, ఇంకొకరి తరఫున బేరమాడేటప్పుడు పురుషులకు ఏమాత్రం తీసిపోలేదు. తన కోసం నోరు రాని మనిషికి కూతురి కోసం వస్తుంది. కాబట్టి కనీసం ఈ ఏడాది వరకు ధర చెప్పే బాధ్యత మీరు తీసుకోండి. అమ్మాయి కొలతలు, డిజైను చూసుకుంటుంది. వీపు, చేతులు కలిపి ఈ రకం వర్కుకు 2,100, అడ్వాన్సు సగం అని మీరు చెప్పండి. చెప్పి ఊరుకోండి. వెంటనే మీరే తగ్గించకండి.

ధరలు కాగితం మీద ఉండటం చాలా ముఖ్యం. ఒక నెల పాటు ప్రతి జాకెట్టుకూ పట్టిన గంటలు, అయిన సామగ్రి ఒక నోటు పుస్తకంలో రాయించండి. దాన్ని బట్టి మూడు నాలుగు రకాల పనికి ధరలు తేల్చి, తెలుగులోనూ ఒడియాలోనూ రాసి మిషను ఎదురుగా గోడకు అంటించండి. రెండు భాషల కస్టమర్లూ వచ్చే ఊరు కనుక రెండూ ఉండాలి. గోడ మీద ఉన్న ధర అందరికీ ఒకటే అని తెలిసినప్పుడు ఎవరూ ఆమెను వేరుగా వేలెత్తి చూపరు, ఆమె కూడా ఎదుటివారి చీర ఖరీదు చూసో, చుట్టరికం చూసో అప్పటికప్పుడు ఒక అంకె ఊహించుకోనక్కరలేదు. దగ్గరి బంధువులకు తగ్గించాలని ఉంటే తగ్గించండి, అందులో తప్పులేదు. కానీ ధర 2,100, మీకు 300 తగ్గించాం అని పైకి చెప్పి తగ్గించండి. చెప్పకుండా 1,800 తీసుకుంటే వారి దృష్టిలో ధరే 1,800 అయిపోతుంది, వారు పంపిన నలుగురూ దాని మీద ఇంకా తగ్గించమంటారు.

కస్టమర్లు పోతారేమోనని మీకు ఉండవచ్చు. కొందరు పోతారు. నెలకు ఎనిమిది పెళ్లి జాకెట్లు చేస్తోందనుకుంటే ఇప్పుడు ఖర్చులు పోను మిగిలేది 6,000. ధర 2,100 చేసి, ఎనిమిదిలో ముగ్గురు వెళ్లిపోయి ఐదుగురే మిగిలినా, జాకెట్టుకు 1,650 చొప్పున 8,250 వస్తుంది, పైగా తొమ్మిది రోజులు చేతిలో ఉంటాయి. వెళ్లేవారు సాధారణంగా చివరి రోజున తెచ్చి, రెండుసార్లు విప్పించి కుట్టించుకునే వారే అవుతారని నా అనుభవం. అయితే ఒకేసారి 1,200 నుంచి 2,100కు వెళ్లడానికి మీకు మనసొప్పకపోతే, శ్రావణమాసపు రద్దీకి ముందు 1,600, మాఘమాసపు ముహూర్తాలకు ముందు 2,100 చేయండి. రద్దీ మధ్యలో మాత్రం పెంచవద్దు. అది మాట తప్పినట్టు కనిపిస్తుంది.

మీవారి మాటకు ఇప్పుడు వస్తాను. ఆయన ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ప్రభుత్వరంగ బ్యాంకుల క్లర్కు పరీక్షకు 28 ఏళ్ల వరకు వయసు ఉంటుంది కాబట్టి మీ అమ్మాయికి ఇంకా సమయం ఉంది. ఒడిశాలోని ఖాళీలకు ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి, అది ఆమెకు ఉందో లేదో ముందు చూసుకోండి. మాట్లాడటం వచ్చినంత మాత్రాన సరిపోదు, మన తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు ఇక్కడే చిక్కుకుంటారు. ఆమెకు నిజంగా ఆ ఉద్యోగం మీద ఇష్టం ఉంటే, మిగిలే ఆ తొమ్మిది రోజులూ చదువుకే ఇవ్వవచ్చు. ఇష్టం లేకుండా, ఈ పనిలో డబ్బు లేదన్న కారణంతోనే పంపుతున్నట్లయితే ఆరు నెలలు ఆగమని నా సలహా. సరైన ధరతో ఆరు నెలలు నడిచాక వచ్చే అంకెను చూసి, ఆ రోజు ముగ్గురూ కూర్చుని నిర్ణయించుకోండి. ఆ డబ్బు ఆమె పేరు మీద ఉన్న ఖాతాలోనే పడాలి, ఇంటి ఖర్చులో కలిసిపోతే ఆరు నెలల తర్వాత చూసుకోవడానికి అంకె ఏదీ ఉండదు.

ఇంకొక సంగతి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, ఆపైన 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల దాకా అప్పు అందులో ఉన్నాయి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. దర్జీ పనికి నమోదు ప్రస్తుతం తెరిచి ఉందో లేదో మీ దగ్గరి సీఎస్‌సీలో (కామన్ సర్వీస్ సెంటరులో) కనుక్కోండి. అప్పు సంగతి తర్వాత చూడవచ్చు గానీ, ఒక గుర్తింపు పత్రంలో ఆమె వృత్తి పేరు రాసి ఉండటం మీ ఇంట్లో వారికీ బయటివారికీ కనిపించడం మంచిదని నేను అనుకుంటాను.

ఇప్పటికే 1,200కు ఒప్పుకున్న ఆర్డర్లు ఏవైనా ఉంటే వాటిని ఆ ధరకే పూర్తి చేసి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు, వచ్చే నెల నుంచి ధరలు మారుతున్నాయని మీరే చెప్పి, కొత్త ధరల కాగితం ఒకటి జాకెట్టుతో పాటు సంచీలో పెట్టి పంపండి.