మూతల బొమ్మ రాలిపోతుంటే జిగురు మానండి

మీ యువబృందం వాగు గట్టున ఏరిన సీసా మూతలతో గోడమీద చేసిన చేప బొమ్మ వారానికే రాలిపోతోందని రాశారు. చదివి మనసు చివుక్కుమంది. లోపం పిల్లల పనితనంలో లేదు. సీసా పెట్ అనే రకం ప్లాస్టిక్ అయినా, మూత పాలీప్రొపిలీన్ లేదా పాలిథిలీన్ అనే వేరే రకం ప్లాస్టిక్. ఆ నున్నటి ఒంటికి మామూలు జిగురు గానీ రంగు గానీ గట్టిగా పట్టదు. ప్లైవుడ్ పలక మీద బొమ్మ గీయించి, ఒక్కో మూతను చిన్న స్క్రూతో బిగించండి. డ్రిల్లు పెద్దల చేతిలో ఉండాలి. రంగులు వేయవద్దు, మూతల సొంత రంగులే చాలు. నీలం ఒక కుప్ప, ఎరుపు ఒక కుప్పగా వేరుచేసే పని మాత్రం పూర్తిగా పిల్లలకే వదిలేయండి; తాము ఏరిన చెత్త ఎంతో వాళ్లకు కళ్లకు కట్టేది అప్పుడే. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారి ముక్కలై మళ్లీ మట్టిలో చేరుతుంది, కాబట్టి పలకను నీడపట్టున తగిలించండి. రాలిన మూతలు పారేయకండి, జిగురు గీకి కడిగితే పనికొస్తాయి.