పాత కారుతో ర్యాలీకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా కార్ల క్లబ్ సరదా ర్యాలీ పెడుతోంది. సాయంత్రం బహుమతులు, విందు. నాది పన్నెండేళ్ల పాత కారు, స్పీడుగా నడపలేను. దారి చెప్పేది మా ఆవిడ. మేం వెళ్లొచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఇలాంటి ర్యాలీల్లో సాధారణంగా గెలిచేది వేగం కాదు, లెక్క. ఇచ్చిన సగటు వేగంతో దారిలో నిర్వాహకులు టైము రాసుకునే ప్రతి చెక్‌పాయింటుకూ సరైన సమయానికి చేరాలి. ఆలస్యమైనా, ముందే చేరినా పాయింట్లు పోతాయి. గంటకు 40 కిలోమీటర్లంటే కిలోమీటరుకు 90 సెకన్లు. మీ కారుకు అదేం కష్టం కాదు.

అసలు చూసుకోవాల్సింది ఓడోమీటర్, అంటే కారు తిరిగిన దూరం చూపే మీటర్. నిర్వాహకులు దారి వివరాలు రాసిచ్చే రూట్ పుస్తకంలో 10 కిలోమీటర్లని ఉన్నచోట మీ మీటర్ 10.2 చూపిస్తే, 50 కిలోమీటర్లకు అది ఒక కిలోమీటరు ఎక్కువ చూపిస్తుంది. అంటే దాదాపు నిమిషంన్నర తేడా! పుస్తకంలో దూరం ఇచ్చిన మొదటి గుర్తు దగ్గరే ఈ తేడా రాసుకోమని మీ ఆవిడకు చెప్పండి. మా మొదటి ర్యాలీలో మా చెల్లెలు మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కో మలుపూ కొట్టేస్తూ చదివింది. ఒకచోట నేను ఆమె మాట వినకుండా ఎడమకు తిప్పాను. తిరిగొచ్చేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. పోయిన టైము కోసం ఆ తర్వాత కారు ఉరికించడం మాత్రం వద్దు, అది మామూలు జనం తిరిగే రోడ్డు.

విందుకు అలసిపోయామని ఎగ్గొట్టకండి. ఎవరు ఎక్కడ దారి తప్పారో తెలిసేది అక్కడే. బహుమతి వస్తే ఇద్దరూ స్టేజీ ఎక్కండి. మా తొలి కప్పు మీద నా పేరొక్కటే చెక్కారు. మర్నాడే వెళ్లి చెల్లెలి పేరు కూడా వేయించాను.